పెయింటు బకెట్లో కుక్క తిండి, అటక మీద సారె డబ్బా

రాజోలు దగ్గర, వశిష్ఠ ఒడ్డున ఉన్న ఓ లంక ఊరి నుంచి ఒకావిడ రాశారు. పేరూ ఊరూ బయట పెట్టొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి సంగతి కుదించి చెప్తాను.

ఇంట్లో ఆవిడ, భర్త, అత్తగారు, ఏడో తరగతి చదివే కూతురు. ఒక నాటు కుక్క, రెండు పిల్లులు, పెరట్లో పాడి గేదె, నాలుగు కోళ్ళు. కుక్కకి రోజూ నూకల అన్నం, దానితో పాటు డాగ్ ఫుడ్ కొంచెం. ఆ డాగ్ ఫుడ్ వారం వారం టౌన్లో కేజీ లెక్కన లూజుగా కొని, షాపువాళ్ళు కట్టిచ్చిన పల్చటి కవర్లో తెచ్చుకుని, ఇంటికి రంగులేసినప్పుడు మిగిలిన ఇరవై లీటర్ల పెయింటు బకెట్లో పోస్తారు. పిల్లులకి చేపల బజారు నుంచి తలకాయలు, తోకలు, అవి నల్ల కవర్లో వస్తాయి. మొన్న శ్రావణంలో ముసురు పట్టినప్పుడు కుక్క తిండి మానేసింది, రెండు రోజులు వాంతులు చేసుకుంది. పశువుల డాక్టరు దాన్ని చూసి, ఏం పెడుతున్నారు, ఎక్కడ దాస్తున్నారు అని అడిగి, ఆ తిండి ఆపేయమన్నారు. ఇంటికొచ్చి బకెట్ అడుగుదాకా చెయ్యి పెడితే ఉండలు కట్టి, తెల్లగా, అక్కడక్కడ పచ్చగా బూజు.

కుక్క కోలుకుంది. ఇంట్లో మాత్రం అప్పటి నుంచీ గొడవే. ఈవిడకి ఆన్‌లైన్లో దొరికే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలు కొనాలని ఉంది. రొయ్యల చెరువుల మీద పనిచేసే భర్త, 'చెరువు దగ్గర ఖాళీ డ్రమ్ములు బోలెడున్నాయి, రెండు తెస్తాను, కుక్క తిండికి వేలు పోస్తామా' అంటున్నారు. 'మా రోజుల్లో కుక్కకి డబ్బాలేంటమ్మా, మిగిలింది తిని ఇల్లు కాచేది' అని అత్తగారు. కూతురు స్కూల్లో ప్లాస్టిక్ గురించి విని వచ్చి వంటింట్లో ఉన్న డబ్బాలన్నీ వరండాలో గుట్ట పోసింది, పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానని. అత్తగారు సగం మళ్ళీ లోపలికి తెచ్చుకున్నారు. పైగా ఆవిడ పొద్దున్నే పాల కవర్లతో పొయ్యి రాజేస్తారు, అది చూసి పిల్ల నానమ్మ మీద అరిచింది. ఇప్పుడు వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

ఆవిడ మాటల్లోనే చివరి భాగం: "కొత్త డబ్బాలు కొంటే మా అమ్మాయి నన్ను దొంగలా చూస్తుంది. కొనకపోతే మళ్ళీ కుక్కకి ఏమవుతుందోనని టెన్షన్. ఇంట్లో ప్లాస్టిక్ మొత్తం తీసేయాలా, ఏది ఉంచుకోవచ్చు? బకెట్లో ఇంకా రెండు కేజీల దాకా మిగిలింది. పైన ఉన్నది బాగానే ఉందిగా, కోళ్ళకి వేద్దామని అత్తయ్యగారు, గేదె దాణాలో కలిపేద్దామని మావారు. ఏం చెయ్యమంటారు?"

ముందు ఆ రెండు కేజీల సంగతి. దాన్ని కోళ్ళకీ వెయ్యకండి, గేదెకీ పెట్టకండి. మూత పెట్టి, ఎవరి చెయ్యీ పడని చోట ఉంచండి. ఎందుకో చివర్లో చెప్తాను.

ఇక అసలు విషయం. మీ ఇంట్లో నలుగురూ నాలుగు రకాలుగా మాట్లాడుతున్నా, నాకైతే ఎవరూ పూర్తిగా తప్పు అనిపించలేదండీ. జరిగిందేమిటంటే, తిండి పాడవడం, ప్లాస్టిక్ పోగవడం అనే రెండు వేరే వేరే గొడవల్ని ఒకే బకెట్లో పోసి కలిపేశారు. అందుకే మీరు తిండి కోసం చేసే ప్రతి పనీ అమ్మాయికి ప్లాస్టిక్ తప్పులా కనిపిస్తోంది, అమ్మాయి ప్లాస్టిక్ కోసం చేసే ప్రతి పనీ అత్తగారికి సంసారం పాడుచేయడంలా కనిపిస్తోంది. నా లెక్కలో తిండి పాడవకపోవడం మొదటిది. ఎందుకంటే పాడైన రెండు కేజీలు పారేస్తే దాంతో పాటు అది వచ్చిన కవర్లు కూడా ఊరికే పోయినట్టే, డాక్టరు ఫీజు అదనం.

పాడవడానికి కారణం మీ అజాగ్రత్త కాదు, మన గాలి. ఎండు డాగ్ ఫుడ్‌లో తేమ సుమారు పది శాతమే ఉంటుంది, అంత తక్కువలో బూజు పట్టదు. కానీ ఆ పలుకుల పైన కొవ్వు పూత వేస్తారు, కుక్కకి రుచి తగలాలని. ఆ కొవ్వుకి గాలి, వేడి, వెలుతురు తగిలితే చెడుతుంది. ముసురులో మన వైపు ఉప్పు డబ్బాలో ఉప్పే నీళ్ళు కారుతుంది కదా, రోజుకి రెండు సార్లు మూత తీసే బకెట్లో పలుకులు తేమ లాక్కోవా? అసలు చిక్కు మాత్రం ఇంకో చోటుంది. మీరు ప్రతి వారం పాతదాని మీదే కొత్తది పోస్తున్నారు. అంటే అడుగున ఉన్న పొడి, నలిగిన పలుకులు ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయో ఎవరికీ తెలీదు. బకెట్ గోడలకి అంటిన జిడ్డు కూడా అంతే, కొత్త తిండిని అదే ముందు చెడగొడుతుంది.

ఇక నుంచి పెట్టేముందు ఒక పలుకు తీసి రెండు వేళ్ళ మధ్య నలిపి వాసన చూడండి. బాగున్నది గట్టిగా, పొడిగా విరుగుతుంది, వాసన మాంసం పొడిలా, పిండిలా ఉంటుంది. చెడినది మెత్తబడుతుంది, వేళ్ళకి జిడ్డు అంటుతుంది, సంక్రాంతి జంతికలు శివరాత్రికి డబ్బా అడుగున దొరికితే వచ్చే వాసన వస్తుంది. మీ అత్తయ్యగారిని వాసన చూడమనండి, ఆ ముక్కు ముందు మనం పనికిరాం.

సరే, ఇప్పుడు కొనే పద్ధతి. మీ ముందు మూడు దారులున్నాయి, మూడింటికీ లాభం ఉంది, ఖరీదు ఉంది.

లూజుగానే కొనడం కొనసాగించొచ్చు. మీకు అలవాటైన పని, చేతిలో డబ్బులు ఒక్కసారిగా కదలవు. అలా అయితే సంచిలో ఓ స్టీలు డబ్బా పట్టుకెళ్ళి అందులోనే తూయించుకోండి. ఆ పల్చటి కవరు ఇవ్వడానికి అసలు షాపువాళ్ళకే వీల్లేదు, 120 మైక్రాన్ల కంటే పల్చటి క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. ఆ మాట చెప్పి పోట్లాడక్కర్లేదు, డబ్బా ముందుకు జరిపితే చాలు. ఏడాదికి యాభై కవర్లు తగ్గుతాయి. కానీ లూజు తిండిలో ఒక ఇబ్బంది తప్పదు. ఆ పెద్ద సంచి ఎప్పుడు విప్పారో, గడువు ఎప్పటిదాకానో మీకు తెలీదు. రేపు కుక్కకి మళ్ళీ జబ్బు చేస్తే ఏ బ్యాచ్ తిండి అని డాక్టరు అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. కనీసం సంచి చూపించమని అడగండి, గడువు తేదీ ఫోన్లో ఫోటో తీసుకోండి. చూపించడానికి మొహం చిట్లించే షాపు అయితే ఇంకో షాపు వెతుక్కోవడమే.

రెండోది, కంపెనీ సీలు వేసిన ప్యాకెట్టు కొనడం. ఇక్కడే చాలామంది పొరబడేది, పెద్ద ప్యాకెట్టు కొంటే కేజీకి ప్లాస్టిక్ తక్కువ, డబ్బు కూడా కలిసొస్తుంది కాబట్టి పదికేజీలది తెచ్చేసుకుంటారు. లెక్క నిజమే. కానీ మీ కుక్క తినేది అన్నంతో కలిపి రోజుకి 150 గ్రాములనుకుందాం (మీరు రాసిన గుప్పెళ్ళని బట్టి నా అంచనా). పది కేజీలు అరవై అయిదు రోజులు పైనే వస్తుంది. విప్పిన ప్యాకెట్టు ఎండాకాలమైనా, వానాకాలమైనా మన దగ్గర నెల, మహా అయితే నెలా పది రోజుల్లో అయిపోవాలి. కాబట్టి మీకు మూడు కేజీలది సరిపోతుంది, ఇరవై రోజుల్లో ఖాళీ. ప్లాస్టిక్ కొంచెం ఎక్కువే, అయినా బూజు పట్టి సగం పారేసే పదికేజీల సంచి కంటే మేలు. వీధిలో ఇంకెవరైనా కుక్కని పెంచుతుంటే పదికేజీలది తెచ్చి విప్పిన రోజే చెరి సగం చేసుకోండి, అప్పుడు రెండూ కలిసొస్తాయి. లంక ఊళ్ళలో పాలూ, కూరగాయలూ పంచుకోవడం కొత్తేం కాదు కదా, ఇదీ అంతే. ఆ పంచుకున్న సగం ఎందులో పెట్టాలి అనేది కిందే చెప్తున్నాను.

మూడోది మీ అత్తయ్యగారి దారి. నూకలన్నం, అందులో ఉడికించిన కోడి, చేప, గుడ్డు, ఓ గుమ్మడి ముక్క. ప్యాకెట్టే ఉండదు. ఎప్పటికప్పుడు చేసేది కాబట్టి దాచే గొడవ తక్కువ. దీన్ని నేను కొట్టిపారేయను, మన వైపు చాలా కుక్కలు ఇలాగే హాయిగా బతికాయి. కాకపోతే ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన కూర, పులుసు వెయ్యకూడదు, ఆ రెండూ కుక్కలకీ పిల్లులకీ రక్తాన్ని పాడుచేస్తాయి. ఉడికిన ఎముకలు వద్దు, అవి చీలి గుచ్చుకుంటాయి. అన్నం ఎక్కువై మాంసం తగ్గితే కుక్క ఒళ్ళు చేస్తుంది గానీ బలం ఉండదు. పిల్లుల విషయంలో మాత్రం అస్సలు కుదరదండీ. పిల్లి మాంసాహారి, టారిన్ అనే పదార్థం దానికి మాంసం నుంచే రావాలి, అది లేకపోతే గుండె, కళ్ళు దెబ్బతింటాయి. కాబట్టి పాలన్నంతో పిల్లిని సాకుతాం అంటే నేను ఒప్పుకోను. ఈ దారిలో పని ఎవరి మీద పడుతుందో కూడా ముందే మాట్లాడుకోండి. 'మా రోజుల్లో' అన్నవాళ్ళు వండి పెడతారా, మీరే వండాలా?

నన్నడిగితే రెండూ మూడూ కలిపి నడపొచ్చు. ఇప్పుడు మీరు చేస్తున్నదీ దాదాపు అదే, దాచే చోటు మార్చాలి అంతే.

దాచడం. ప్యాకెట్టు తెచ్చాక అందులోని తిండిని డబ్బాలో ఒంపేయకండి. ప్యాకెట్టుతో సహా డబ్బాలో దించండి. ఆ ప్యాకెట్టు రెండు మూడు పొరలతో చేసినది, గాలినీ తేమనీ ఆపడానికే దాన్ని అలా చేస్తారు. మూతి రెండు మూడు మడతలు పెట్టి బట్టల క్లిప్పు పెట్టండి. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఆ ప్యాకెట్టు మీదే ఉంటాయి, అవీ మీ దగ్గరే ఉన్నట్టు. పక్కింటివాళ్ళతో పంచుకున్నప్పుడు ఒకరికి ప్యాకెట్టు, ఇంకొకరికి శుభ్రంగా కడిగి ఎండలో ఆరబెట్టిన డబ్బా. డబ్బా తీసుకున్నవాళ్ళు ముందు తమది ఖాళీ చెయ్యాలి, అది అయ్యేలోపు కొత్తది అందులో పడకూడదు. తీసేది పొడి గరిటెతో, తడి చేత్తో కాదు.

ఆ డబ్బా ఏది అనేది మీ ఇంట్లో అసలు తగువు. మీరు ఉత్తరంలో ఎక్కడో ఒక లైనులో రాసి వదిలేశారు, అటక మీద అత్తయ్యగారి పాత స్టీలు బియ్యం డబ్బా ఉందని, బియ్యం ఇప్పుడు సంచుల్లో వస్తున్నాయి కాబట్టి ఖాళీగానే ఉందని. దానంత మంచిది మీకు ఆన్‌లైన్లో దొరకదు. ఎలుక కొరకలేదు, జిడ్డు పీల్చుకోదు, కడిగితే వాసన పోతుంది. కానీ నాకు తెలుసు, 'నా సారె డబ్బాలో కుక్క తిండా?' అంటారు. అనడం తప్పు కూడా కాదు. ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, ఆ మూత మీద పేరు చెక్కి ఉంటుంది. అడిగి చూడండి, బలవంతం చెయ్యకండి. ఆవిడ బియ్యమో మినుములో అందులోకి మార్చుకుని, ఇప్పుడు మినుములున్న డబ్బా మీకు ఇస్తారేమో. కాదంటే, స్టీలు సామాన్ల కొట్లో పాత సామాను మార్చి ఇంకో డబ్బా తెచ్చుకోవచ్చు, ఇంట్లో విరిగిన అల్యూమినియం గిన్నెలుంటే ఆ పనికి వాడండి. అదీ వద్దనుకుంటే పెళ్ళిళ్ళలో పెరుగు వచ్చే తెల్ల బకెట్లు, ప్యాకెట్టు పట్టేంత పెద్దవి, మీ ఇంట్లో తప్పకుండా ఒకటో రెండో ఉంటాయి, కోనసీమలో ఆ బకెట్ లేని ఇల్లు ఉంటుందా! అవి తినే వస్తువు కోసం చేసినవే, మూత బిగుతుగా పడుతుంది. కొత్తది కొనక్కర్లేదు, మీ అమ్మాయి అనడానికి కూడా ఏమీ ఉండదు.

డబ్బాని నేల మీద పెట్టకండి, పీట మీద పెట్టండి. రేకుల షెడ్డులోనూ వద్దు, పొయ్యి పక్కనా వద్దు. ఇరవై ఏడు డిగ్రీల లోపు వేడిలో ఉంచమంటారు, మే నెలలో మనకి అది కలలో మాట, కాబట్టి ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గది చూసుకుని, ఆ నెల చిన్న ప్యాకెట్టు కొనండి. చీమలకి పళ్ళెంలో నీళ్ళు పోసి అందులో డబ్బా నిలబెట్టడం మీకు నేను చెప్పాలా. ఇంకో రెండు మాటలు గట్టిగా చెప్పాలి: బట్టల్లో వేసే కలరా ఉండలు ఆ డబ్బా దగ్గరికి రానివ్వద్దు, ధాన్యం బస్తాల్లో పురుగుకి వేసే మాత్రలు అసలే వద్దు. రెండోది మనుషుల్ని కూడా చంపుతుంది.

పెయింటు బకెట్ తిండికి పనికిరాదు, ఎంత కడిగినా. మీవారు తెస్తానంటున్న డ్రమ్ములైతే ఇంకా వద్దు. రొయ్యల చెరువుల మందుల డ్రమ్ములో ఏముందో అట్ట మీద చదివినా మనకి అర్థం కాదు, ప్లాస్టిక్ వాటిని పీల్చుకుంటుంది, సబ్బుతో పోదు. మీవారికి ఈ మాట కుక్క పేరు చెప్పి కాకుండా, 'రేపు అత్తయ్యగారు అలవాటులో ఆ డ్రమ్ములో బియ్యం పోస్తే?' అని చెప్పండి. వింటారు. మేత సంచుల్ని తేవొచ్చు, కొబ్బరికాయలకి, డొక్కలకి, గేదె పాక పక్కన తడికకి, తిండికి తప్ప దేనికైనా.

ఇప్పుడు వరండాలో గుట్ట. పాపం పిల్ల మంచి ఉద్దేశంతోనే చేసింది, కానీ పనికొచ్చే డబ్బాలు పారేసి స్టీలువి కొంటే ఒరిగేదేమీ లేదు. అవి తయారై ఎన్నాళ్ళో అయింది, పాత సామాన్లవాడు కొనుక్కోని రకాలు చివరికి కాలవ గట్టుకే చేరతాయి. ఏప్రిల్లో ధవళేశ్వరం దగ్గర నీళ్ళాపి కాలవలు కట్టేసినప్పుడు అడుగున ఏం కనిపిస్తుందో ఆ అమ్మాయి చూసే ఉంటుంది. కాబట్టి ఇద్దరూ కలిసి గుట్ట ముందు కూర్చుని వేరు చెయ్యండి. అడుగున త్రికోణంలో 5 అంకె ఉండి, ముందు పెరుగో ఐస్‌క్రీమో వచ్చిన డబ్బాలు ఉంచుకోండి. ఐస్‌క్రీమ్ డబ్బాలు ఫ్రిజ్‌లో మిగిలిన చేప ముక్కలకి, విప్పిన వెట్ ఫుడ్‌కి (తడిగా, ముద్దగా ప్యాకెట్లో వచ్చే తిండి) బాగుంటాయి, వేడివి మాత్రం పోయకండి. విప్పిన వెట్ ఫుడ్ ఫ్రిజ్‌లో ఉన్నా రెండు మూడు రోజుల్లో వాడేయాలి. గీతలు పడినవి, పగిలినవి, జిడ్డు వాసన పోనివి తిండికి వద్దు, మేకులకో విత్తనాలకో ఇవ్వండి. నీళ్ళ సీసాలు, పాల కవర్లు కడిగి ఆరబెడితే పాత సామాన్లకి పోతాయి. డాగ్ ఫుడ్ ఖాళీ ప్యాకెట్టు మాత్రం ఎవరూ కొనరు, పొరలు విడదీయడం కుదరదు. గట్టిది కాబట్టి దాన్నే ఈ కవర్లు పోగేసుకునే సంచి చేసుకోండి, నిండాక ఊళ్ళో చెత్త నుంచి సంపద కేంద్రం పనిచేస్తుంటే అక్కడికి ఇవ్వండి. పిల్లులు, కుక్క తినే గిన్నెలు ప్లాస్టిక్‌వి అయితే అవి మార్చండి, గీతల్లో క్రిములు ఉంటాయి. ఇందులో మాత్రం స్టీలుకి తిరుగులేదు.

ఒక పెరుగు బకెట్ విడిగా ఖాళీగా ఉంచమంటాను. 2022 జూలైలో మూడో ప్రమాద హెచ్చరిక దాటి నీళ్ళొచ్చినప్పుడు డాబా మీదకి ఎక్కామని రాశారు. అప్పుడు కుక్కకి ఏం పెట్టారో రాయలేదు గానీ, ఊహించగలను. ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక ఇచ్చారంటే చాలు, వారానికి సరిపడా తిండి ఆ బకెట్లో వేసి మూత బిగించి పైకి చేర్చండి. అలాంటి చోట ప్లాస్టిక్‌ని మించింది లేదు, మీ అమ్మాయికి ఇది కూడా చెప్పండి.

చేపల బజారు నల్ల కవరు సంగతి తేలిక. మూత ఉన్న క్యారేజీ గిన్నె పట్టుకెళ్ళండి. శీలావతి తలకాయలు, బొచ్చె తోకలు అందులోనే వేయించుకోండి, పక్కనే ఉన్న ఐసు రెండు ముక్కలు వెయ్యమనండి, ఇంటికొచ్చి వెంటనే ఉడికించండి. ఎండలో కవర్లో గంటసేపు ఉడికిన చేప పిల్లికీ మంచిది కాదు. ఆ నల్ల కవరు రోడ్డు మీద పడితే వాసనకి ఊర కుక్క నమిలి మింగుతుంది, ఆవులూ గేదెలూ సరేసరి. పేగుకి అడ్డం పడితే కొయ్యాల్సిందే. ఉప్పు చేప మాత్రం పిల్లులకి పెట్టకండి.

నానమ్మా మనవరాలి తగువులోకి వస్తే, పాల కవరు పొయ్యిలో వెయ్యడం ఆపాల్సిందే, ఆ పొగ మొదట పీల్చేది పొయ్యి ముందు కూర్చున్న ఆవిడే. కానీ 'మానెయ్యండి' అని ఎవరంటే ఆవిడ మానేస్తారు? మీ అమ్మాయి అంటే మానరు, మీరంటే అసలు మానరు. కొబ్బరి పీచు, ఎండు మట్ట చీలికలు ఒక కట్ట కట్టి రాత్రే పొయ్యి పక్కన పెట్టడం అమ్మాయి పనిగా చెయ్యండి. కోనసీమలో ఉండి పొయ్యి రాజేయడానికి ప్లాస్టిక్ వెతుక్కోవడం ఏమిటి అసలు? చేతికి అందే చోట పీచు ఉంటే ఆవిడ కవరు కోసం లేవరు. అమ్మాయికి విడిగా ఒక మాట చెప్పండి. ఆ ఇంట్లో ఒక డబ్బాని పారేయకుండా పదేళ్ళు వాడే మనిషి ఎవరంటే నానమ్మే. కొబ్బరి నూనె సీసా కడిగి కిరోసిన్ పోసుకున్న కాలం వాళ్ళది. స్కూల్లో చెప్పే పాఠం ఆవిడ ముందే చేస్తోంది, పొయ్యిలో కవర్లు వెయ్యడం ఒక్కటి తప్ప. అలా చెప్తే పిల్ల ముందు మూతి ముడుచుకుంటుంది, తర్వాత దిగి వస్తుంది. రాకపోయినా ఫరవాలేదు, పన్నెండేళ్ళ వయసులో అది మామూలే, మీరు మధ్యలో పడి ఇద్దరికీ సర్దిచెప్పే పని మాత్రం పెట్టుకోకండి.

ఇక ఆ రెండు కేజీలు. బూజుల్లో ఒక రకం అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. వేరుశెనగ, మొక్కజొన్న మీద ఎక్కువగా వచ్చేది అదే, చాలా డాగ్ ఫుడ్‌లలో మొక్కజొన్న ఉంటుంది. మీ బకెట్లో పట్టింది ఆ రకమే అని నేను అనడం లేదు, కంటితో చూసి ఎవరూ చెప్పలేరు, అందుకే తెగింపు పనికిరాదు. పైన బాగున్నట్టు కనిపించినా విషం కనిపించదు, ఉడికించినా, ఎండబెట్టినా పోదు. అది కాలేయాన్ని కొడుతుంది. కోళ్ళు తట్టుకోలేవు, బాతులైతే మరీ. గేదె పెద్ద జంతువు, దానికేం కాదులే అని మీవారు అనుకుంటున్నారు, కానీ దాణాలో తిన్నది పాలలోకి వస్తుంది, ఆ పాలు తాగేది మీ అమ్మాయి. కాలవలోనూ, చెరువులోనూ పోయకండి. కొబ్బరి చెట్ల అవతల కుక్క తవ్వలేనంత లోతుగా గొయ్యి తీసి పూడ్చెయ్యండి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఎండుగా ఉన్నప్పుడు పొడి ఎగరకుండా కాస్త నీళ్ళు చల్లి. బకెట్ కడిగి మొక్కలకి నీళ్ళు మోయడానికి పెట్టుకోండి. కుక్క కళ్ళు, చిగుళ్ళు ఒక నెల పాటు రోజూ చూస్తుండండి, పసుపు రంగు కనిపించినా, మళ్ళీ తిండి మానేసినా ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి, బూజు తిండి తిన్నదని మొదటే చెప్పండి. పూడ్చేముందు ఓ గుప్పెడు సీసాలో తీసి, మూత బిగించి, పిల్లలకి అందని చోట పెట్టుకోండి, డాక్టరు చూపించమంటే ఉంటుంది.